చుట్టల పెట్టె

నెలీదా అందించిన మాతే ఆకు తేనీటి సొరబుర్రను ఎవారిస్తో పుచ్చుకోలేదు.

"వద్దమ్మా. నా బుర్ర నేను తెచ్చుకున్నా," అంటూ సంచిలోంచి తన సొరబుర్ర, పీల్చే గొట్టం తీశాడు.

నెలీదాకు ఒళ్లు మండింది. ఒకే గొట్టంతో నలుగురూ తాగితేనే కదా అది మాతే! ఇంటికొచ్చి, ఇచ్చింది తాగని మనిషిని మోంతెవిదేయోలో ఆమె ఇంతవరకు చూడలేదు. పక్కింటి వెనకగదిలో నిన్నగాక మొన్న అద్దెకు దిగాడు, అప్పుడే ఇంత టెక్కా? పైగా ఇంట్లోకొచ్చినా ఆ ఊలు టోపీ తీయడు.

ఆయన చూపంతా బల్ల మీది దేవదారు పెట్టె మీదే ఉంది.

"అదేంటమ్మా?"

"మా మామగారి చుట్టల పెట్టె. ఇప్పుడు మా ఆయన మందు దాస్తున్నా."

మందంటే గంజాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, కేన్సర్ ముదిరిన నెల్సన్‌కు ఇంత ముద్ద లోపలికి పోతోందంటే, ఇంత కునుకు పడుతోందంటే ఆ పెరటి మొక్కల చలవే. సర్కారు దగ్గర పేరు రాయించుకుని మరీ పెంచింది. ఏడాదికి ఒక్కటే కోత. మళ్లీ కోత దాకా ఆ పెట్టెలో ఉన్నదే దిక్కు.

నెలీదా మూత తెరిచి, లోపలున్న స్పాంజి మీద నీళ్లు చిలకరించింది. మామగారు తన చుట్టలకు అలాగే చేసేవాడు.

"అయ్యయ్యో, నీళ్లా!" ఎవారిస్తో గబుక్కున లేచాడు. "చుట్ట ఎండితే పాడు, ఇది తడిస్తే పాడు తల్లీ. మాతే బుర్రను ఆరబెట్టకపోతే ఏమవుతుంది? బూజు పట్టదూ? దీన్ని గాజు సీసాలో పెట్టు. ఆ పెట్టె నీ కొంప ముంచుతుంది."

"మా మామగారి చుట్టలు ఏళ్ల తరబడి ఇందులో చెక్కుచెదరలేదు."

మంచం మీంచి నెల్సన్ అన్నాడు, "ఆయన చెప్పేదేదో వినవే."

"మీరూరుకోండి."

పెట్టె మీద కన్ను పడిందిలే అనుకుంది మనసులో.

ఆ వారమంతా ముసురు. గోడలు చెమర్చాయి. నెలీదాకు భయంతో నిద్రే లేదు. నెల్సన్ రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి, చిన్న జలుబు కూడా రానివ్వొద్దని డాక్టర్ హెచ్చరించాడు మరి. ఆయన దగ్గితే చాలు, ఆమె ప్రాణం పోయి వచ్చేది.

పెట్టె తెరిచినప్పుడల్లా మొగ్గల మీద తెల్లటి నూగు కనిపించేది. 'బాగా పండింది, అందుకే ఇంత నూగు' అని ధైర్యం చెప్పుకుంది.

ఆరోజు మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్లాలి. నెల్సన్ దగ్గర కూర్చోవడానికి ఎవరూ దొరకలేదు. ఇష్టం లేకపోయినా ఎవారిస్తోనే పిలిచింది.

తిరిగొచ్చేసరికి పెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఖాళీ.

ఆమె ఎవారిస్తో వైపు తిరిగింది.

"ఇందులోది ఏదీ?"

"వంటింటి పొయ్యిలో వేశానమ్మా. బూజు పట్టింది."

"బూజా? అది నూగు! పొయ్యిలో వేశారా, మీ సంచిలో వేశారా?"

"నెల్సన్ అడిగితే ఇవ్వబోయి చూశా. ఆ పొగ ఒక్క దమ్ము లోపలికి పోయుంటే..."

"చాల్లే! చావుబతుకుల్లో ఉన్నవాడి నోటి దగ్గరది లాక్కోడానికి సిగ్గులేదూ? మాతే ఇస్తే ఎంగిలట, గంజాయికి లేదా ఎంగిలి? నడు బయటికి! పోలీసుల్ని పిలుస్తా."

ఎవారిస్తో ఒకసారి నెల్సన్ వైపు చూశాడు. టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్లిపోయాడు.

దొంగకు తేలు కుట్టినట్టు ఎలా పోయాడో చూడు అనుకుంది నెలీదా.

ఆ రాత్రి నెల్సన్ ముద్ద ముట్టలేదు. నొప్పికి తాళలేక దుప్పటి కొరుక్కున్నాడు. కోత ఎప్పుడు, ఈ మనిషి అప్పటిదాకా ఎలా? నెలీదా గోడకు తల ఆనించి ఏడ్చింది.

పొద్దున తలుపు తీస్తే గడప మీద గాజు సీసా. నిండా ఎండిన మొగ్గలు.

"చూశారా! పోలీసులనేసరికి తెచ్చి పడేశాడు."

"పోనీలేవే, తెచ్చాడుగా," అన్నాడు నెల్సన్ నీరసంగా.

ఆ మధ్యాహ్నం ఆయన సూపు తాగాడు. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. నెలీదాకు ప్రాణం లేచొచ్చింది. పక్కింటి వైపు మాత్రం తొంగి కూడా చూడలేదు.

సీసా సగానికొచ్చాక ఎండ కాసింది. మందు మళ్లీ పెట్టెలోకి మారుద్దామని తుడవబోయింది. మూలన ఒక మొగ్గ ఇరుక్కుని ఉంది. కిటికీ దగ్గరికి తెచ్చి చూసింది.

బూడిదరంగు బూజు. తడిసిన గోనెసంచి వాసన. వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోయింది.

సీసాలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి చూసింది. తన మొక్కల మొగ్గకు ఊదా చార ఉంటుంది. దీనికి లేదు.

ఇవి తమవి కావు.

'ఒక్క దమ్ము లోపలికి పోయుంటే' అన్న మాట చెవిలో మోగింది. ఎంత మాటన్నాను దేవుడా అనుకుంది. వేడినీళ్ల ఫ్లాస్కు చంకన పెట్టుకుని పక్కింటికి పరిగెత్తింది. ఆయన బుర్రలోనే పోసిచ్చి, చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి.

వెనకగది తలుపు బార్లా తెరిచి ఉంది. పరుపు ఎండలో ఆరుతోంది. ఇంటావిడ ఇర్మా నేల కడుగుతోంది.

"ఎవారిస్తో గారేరి, ఇర్మక్కా?"

"నీకు తెలీదూ? నిన్ననే సమాధి చేసి వచ్చాం. మీ ఆయన జబ్బేనమ్మా. ఆ టోపీ కింద ఒక్క వెంట్రుక లేదు. ఎంగిలి తగిలితే ప్రమాదమని ఎవరి మాతే ముట్టేవాడు కాదు పాపం. నొప్పికని ఒక సీసాలో మందు దాచుకున్నాడు. దాన్ని ఏ మహారాజుకు ధారపోశాడో గానీ, పోయేదాకా ఒకటే మూలుగు తల్లీ."