రెండో అధ్యాయంలో లేని తల్లి

“దుప్పటెందుకవ్వా? సాయంత్రానికంతా తిరిగొచ్చేస్తాం గదా!”

“పోయేటప్పుడు అందరూ సాయంత్రానికి వస్తామనే చెప్తారు,” అంటూ ప్రేమకుమారి దుప్పటిని ఇంకో మడత పెట్టి సంచిలో కుక్కింది. దాని పక్కన మందుల డబ్బా, నీళ్ళ సీసా, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. అన్నిటికీ అడుగున, తడవకుండా కవరులో చుట్టిన నాలుగు నవలలు.

“మనం పోతాండేది నంద్యాలకా, ఢిల్లీకా?” మనవరాలు అమృత నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “గంట దూరానికి ఇంత సంచా? బస్సులో జనాలు నగుతారు.”

“నగనీలే మే. నగినోళ్ళకు తలా ఒక రొట్టె పెడదాం.”

ఆ నాలుగు నవలలూ ఒక డచ్చి రచయిత్రివి. పదిహేను, పదహారేళ్ళ పిల్లల కోసం రాసిన కథలు. అన్నీ వందల ఏళ్ళ కిందటి హాలెండువి. నంద్యాలలో ఉండే ఎలీషా మాస్టారు వాటిని తెలుగు చేశారు. అక్కడ డిగ్రీ చదువుతున్న అమృత, లైబ్రరీ నుంచి ఒక్కొక్కటే ఆళ్ళగడ్డకు తెచ్చిచ్చింది. ప్రేమకుమారి బడి మెట్లెక్కిన మనిషి కాదు. పెళ్ళయ్యాక, చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చేశాక, పాటల పుస్తకం ముందు పెట్టుకుని, పాడే మాట మీద వేలు జరుపుకుంటూ తనకు తానే అక్షరాలు పట్టుకుంది. ఇప్పుడు డెబ్బై దాటాయి. చేతికి నవల దొరికితే పొయ్యి మీద పాలు పొంగినా తెలియదు.

ఈ రోజు ఆ రచయిత్రి హాలెండులోని తన ఇంటి నుంచే వీడియో కాల్‌లో లైబ్రరీ తెర మీదికి వస్తుంది. పాఠకులు ఏమైనా అడగవచ్చు. ప్రేమకుమారి దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉంది. మూడు నెలలుగా దాన్నే మనసులో మోస్తోంది.

“ఏమడుగుతావో నాకు చెప్పవ్వా. సారుకు ముందే చెప్పాల.”

“ఏముందిమే. ఒక పిల్లోడు ఓడెక్కుతాడు. ఒక పిల్ల వరదలో పడవెక్కుతాది. ఏ పుస్తకం తీసినా మొదటి అధ్యాయంలోనే బిడ్డ ఇల్లిడిసి పోతాది, తల్లి గుమ్మంలో నిలబడి చూస్తాది. రెండో అధ్యాయం నుంచి ఆ తల్లి యాడా కనపడదు. ఆమె ఎన్నాళ్ళు అట్ల చూసిందో అడగాల.”

జడ అల్లుకుంటున్న అమృత చేతులు ఆగిపోయాయి.

“అవ్వా… మా నాయన కంటే ముందు నీకు ఇంగో బిడ్డ ఉండెనా?”

ప్రేమకుమారి సంచి జిప్పు లాగింది. “బస్సు పోతాది. పా, బేగా.”

బస్సులో అమృత కిటికీ పక్కన సీటు అవ్వకు ఇచ్చి, ఆమె చేతిని తన ఒడిలో పెట్టుకుంది. శిరివెళ్ళ దాటేసరికి ప్రేమకుమారికి కళ్ళు మూతపడ్డాయి. వరిమళ్ళ మధ్య గాలిమరలు మెల్లగా తిరుగుతున్నాయి. కాలువలో నీళ్ళు కదలడం లేదు, పడవలు మాత్రం పోతున్నాయి. కట్ట మీద చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ ఒక పిల్ల పరుగెత్తుతోంది. దూరంగా గుమ్మంలో, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక ఆడమనిషి. ఎంత నడిచినా ఆ గుమ్మం దగ్గర పడదు. ముఖం ఉండాల్సిన చోట ఎండ తప్ప ఏమీ లేదు.

“అవ్వా, లెయ్. నంద్యాలొచ్చె.”

లైబ్రరీలో నలభై మంది దాకా ఉన్నారు. గోడ మీది తెరలో తెల్లజుట్టు రచయిత్రి నవ్వుతోంది. ఆమె వెనక కిటికీలోంచి నిజంగానే ఒక పడవ పోయింది. ప్రేమకుమారి ఆ పడవనే చూస్తూ ఉండిపోయింది. ఆ లోపల అమృత వెళ్ళి ఎలీషా మాస్టారు చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల పంకించి, తెర వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడి, అందరికీ అదే తెలుగులో చెప్పారు.

“బిడ్డ దూరమైన ఒక తల్లి అడుగుతోంది. మీ కథల్లో గుమ్మంలో నిలబడిన తల్లి ఎన్నాళ్ళు ఎదురుచూసింది?”

“అట్ల కాదు సారూ…” అని ప్రేమకుమారి నోరు తెరిచింది. అప్పటికే రచయిత్రి ముఖంలో నవ్వు పోయింది. ఆమె తెరకు దగ్గరగా వంగి జవాబు చెప్పింది. మాస్టారు ఒక్కో మాటా తెలుగు చేశారు.

“నాకు తెలియదంటున్నారు. నేను పిల్లల వెంట నడుస్తాను, ఆ వయసులో పిల్లలు వెనక్కి తిరిగి చూడరు, అందుకే నేనూ చూడలేదంటున్నారు.”

ప్రేమకుమారి ముందు కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.

తెర మీద ఆమె మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి మాస్టారు గొంతు తగ్గింది.

“అమ్మా, ఆమె మిమ్మల్నే అడుగుతాండారు. ఎదురుచూసిన తల్లికే తెలుస్తుంది గదా, మీరే చెప్పమంటాండారు. చెప్తే రాబోయే పుస్తకంలో రెండో అధ్యాయం ఆ తల్లి గురించే రాస్తారంట.”

అందరూ వెనక్కి తిరిగారు. అమృత చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది. ప్రేమకుమారి లేచి నిలబడింది.

“ఆ తల్లి బిడ్డ మీద కోపం పెట్టుకునిందో లేదో గూడా అడగాలనుకుంటి సారూ. ఎన్నాళ్ళు చూసిందో నాకు తెల్దు. నాకెవురూ చెప్పలా.”

మాస్టారుకు ఇంగ్లీషు మాట తోచలేదు. తెర అవతల ఆమె, ఇవతల వీళ్ళు, ఆ తల్లి ఇంకేమైనా అంటుందేమోనని చూస్తున్నారు.

1971 మే పద్దెనిమిదిన, సాయంత్రానికి వస్తానని చెప్పి వెలుగోడులో తన తల్లి ఇంటి నుంచి బయల్దేరిన పదహారేళ్ళ ప్రేమకుమారి మళ్ళీ ఆ గుమ్మానికి తిరిగి రాలేదు.