బురద పోవాలి, దీవెన ఉండాలి

వన్ టౌన్‌లో రత్తయ్య ఇనప సామాన్ల కొట్టుకెళ్లి, మోటారుసైకిలు చక్రాలు తోమడానికి బ్రష్షు అడిగాను. తీగల బ్రష్షు ఇచ్చాడు. అరచేతి మీద గీసి చూసి బల్ల మీద పడేశాను.

"ఇది పనికిరాదు. బురదతోపాటు దీవెన కూడా ఊడొస్తుంది."

"ఏం ఊడొస్తుంది శౌరయ్యగారూ?"

చదువుకున్నవాడికి కూడా నేనే విడమర్చి చెప్పాల్సి వచ్చింది. పోయిన ఆదివారం మా ఉయ్యూరు గుడి దగ్గర ఫాదరుగారు ఆ రెండు చక్రాల మీదా మంత్రించిన నీళ్లు చల్లారు. తిరిగొచ్చేటప్పుడు కాలవగట్టు బురదంతా వాటికే పట్టింది. వచ్చే వారం గుణదల తిరనాళ్లకు మా ఇంటిదాన్ని వెనక ఎక్కించుకుని వస్తానని ఊరంతా చెప్పేశాను. దీవెన పోయిందంటే అది చచ్చినా ఎక్కదు. ఇక నేను తలెత్తుకోలేను.

కొబ్బరిపీచు బ్రష్షు తీశాడు. గరుకన్నాను. గుర్రపు వెంట్రుకలది తీశాడు. బుగ్గకు రాసుకుని చూశాను.

"ఇంకా మెత్తంది లేదూ?"

రత్తయ్యకు ఒళ్లు మండింది. "గుణదల వచ్చేసరికి మళ్లీ బురద పట్టదా? అసలు మీరు బండి తోలబట్టి ఎన్నాళ్లయిందండీ?"

"ఇంకా తోల్లేదు. గుడికి తోసుకుంటూ వెళ్లి, తోసుకుంటూ వచ్చాను."

"తోలడం రాదా?"

"వస్తే దీవెనతో నాకేం పనయ్యా?"

రత్తయ్య బల్ల మీది బ్రష్షులన్నీ పక్కకు నెట్టేశాడు. తర్వాత లోపలికెళ్లి, తన దేవుడి పటాలు తుడుచుకునే నెమలీకల కుంచె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మా దేవుడు కూడా కాస్త తోడుంటాడు, పట్టుకెళ్లండి."