టెగ్మన్‌తో జత

"నీ బుద్ధి గడ్డి తిందా, వెండెల్?"

అధికార పక్షం నాయకుడు ప్రూయిట్ అరుపుకి సెనేట్ వరండా దద్దరిల్లింది. అదే పక్షానికి చెందిన వెండెల్ హాస్కిన్స్ మాత్రం గోడకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. ఇంకో అరగంటలో ఓటింగు.

బిల్లు చిన్నదే. కాటన్‌వుడ్ లోయలో పారే ఏటిని గొట్టాల్లోకి ఎక్కించి నగరానికి మళ్ళించడం. లోయవాళ్ళు వాషింగ్టన్ దాకా వెళ్ళి మొత్తుకున్నారు. "నీళ్ళ సంగతి మీ రాష్ట్రానిది. మీ సెనేట్‌లోనే తేల్చుకోండి" అని అక్కడివాళ్ళు చేతులు దులుపుకున్నారు. నీళ్ళు పోతే గడ్డి లేదు. గడ్డి లేకపోతే పశువుల్లేవు. ఇక లోయలో ఎవడుంటాడు?

లోయకు ఎగువన వెండెల్ సెనేటరు, దిగువన ఆర్లో టెగ్మన్. చెరో పక్షం. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఇప్పుడా టెగ్మన్ ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు.

సభలో ఓ పాత కట్టుబాటుంది. రాలేనివాడు అవతలి పక్షంవాడితో జత కడతాడు. ఇద్దరూ ఓటెయ్యరు. అటూ ఇటూ చెల్లు. కాగితం ఉండదు, మాటే. ఆ మాట తప్పినవాడి మొహం మళ్ళీ సభలో ఎవరూ చూడరు. పోయిన వారం టెగ్మన్ జత కట్టింది, ఎవరితో అనుకున్నారు, వెండెల్‌తోనే!

"ఆ ముసలాడే దొరికాడా నీకు?" అన్నాడు ప్రూయిట్.

"అడిగాడు, నోరు జారాను. ఎన్నికల్లో నన్ను నీ పెంపుడు కుక్కన్నాడు వాడు. మర్చిపోతానా?"

"నువ్వు ఓటేస్తే ఒక్క ఓటుతో గట్టెక్కుతాం. వెయ్యకపోతే సరిసమానం. బిల్లు మట్టికొట్టుకుపోతుంది. అసలీ జత ఎప్పుడు తెగుతుంది?"

"వదిలేశానని ఆయనైనా అనాలి, పోనైనా పోవాలి."

"వాడా? మనందర్నీ పూడ్చిపెట్టి గానీ పోడు! ఫోన్ చేసి అడుగు."

"పొద్దున వాళ్ళింటివాళ్ళతో మాట్లాడాను. కదిలే రకం కాదు."

ప్రూయిట్ తనే ఫోన్ కలిపాడు. ఎవరూ ఎత్తలేదు.

"మొండిఘటం!" పళ్ళు నూరాడు. "విను వెండెల్. బిల్లు పడిపోయిందా, నీ కమిటీ పదవి ఊడుతుంది. వచ్చే ఎన్నికల్లో టికెట్టూ ఉండదు."

"మాట తప్పమని నువ్వే చెప్పావని సభలో అననా?"

ప్రూయిట్ విసురుగా లోపలికి నడిచాడు. ఆ ఒక్క మాట అనే ధైర్యం నాయకుడికి కూడా లేదు.

లోపల పై బాల్కనీ నిండా లోయ రైతులే, టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెండెల్ కనబడగానే ఓ పెద్దావిడ లేచింది.

"ఏటిని అమ్ముకునేవాడా! నీ గొంతు తడారిపోను!"

"నిన్ను కన్న లోయకే గొయ్యి తవ్వుతావట్రా!" వెనకనించి ఇంకొకడు.

కాపలావాళ్ళు వాళ్ళను కూర్చోబెట్టారు. వెండెల్ తలెత్తలేదు. గుమాస్తా ఒక్కో పేరే పిలుస్తున్నాడు.

"హాస్కిన్స్!"

వెండెల్ లేచాడు. ప్రూయిట్ చూపులు వీపుకు గుచ్చుకుంటున్నాయి.

"నాకు టెగ్మన్‌తో జత ఉంది. ఆయన ఇక్కడ ఉండి ఉంటే వద్దనేవారు. నేను సరే అనేవాణ్ణి. అందుకని ఓటు వెయ్యడం లేదు."

లెక్క తేలింది. సరిసమానం. బిల్లు పడిపోయింది.

బాల్కనీలో టోపీలు ఎగిరాయి. "మంచంలోంచే గెలిపించాడ్రా మా టెగ్మన్!" అని కేకలు. కిందకి దిగుతూ ఆ పెద్దావిడ వెండెల్ కాళ్ళ దగ్గర ఉమ్మేసి మరీ పోయింది. ప్రూయిట్ దగ్గరకొచ్చి, "నీ పని అయిపోయింది, పో" అన్నాడు. మిగతావాళ్ళు పక్కకు తప్పుకుని నడిచారు.

వెండెల్ వరండా చివరికి వెళ్ళి, చుట్టూ చూసి, టెగ్మన్ ఇంటికి ఫోన్ చేశాడు. టెగ్మన్ భార్య ఇర్మా ఈసారి వెంటనే ఎత్తింది.

"ఓటింగు అయిపోయింది ఇర్మాగారూ, ఆయన తెల్లవారుజామునే పోయారని ఇక అందరికీ చెప్పండి, గట్టిగా ఏడవండి."