జాజితో కొండదారిలో

అనంతపురం మొత్తం చల్లటి గాజుకప్పు కిందికి చేరి పదకొండేళ్లయింది. మట్టి మిగిలింది కప్పుకి అవతల, ఎడారిలోని కొండదారి మీదే. ముసలిదైన కుక్క జాజి వారం నుంచి మెతుకు ముట్టడం లేదు. మట్టి వాసన తగిలితే కోలుకుంటుందేమోనని మారెక్క దాన్ని వెంటబెట్టుకుని తెల్లవారగానే బయలుదేరింది.

"పైన కొండదారిలో కుళాయిలు మనుషులకే నీళ్లిస్తాయక్కా. కుక్కకి పోస్తే కనిపెట్టి మూసుకుంటాయి," అన్నాడు గేటు కాపలాదారు సుంకన్న.

"దానికి నేను తెచ్చుకున్యా లేప్పా," అంటూ మారెక్క సీసా చూపించింది.

మొదటి మలుపులోనే జాజి మట్టిలో మూతి దూర్చి తోకాడించింది. మారెక్క సంబరం పట్టలేక, వెనక్కి తిరగాల్సిన వేళ దాటినా ఇంకా పైకి నడిపించింది. అంతలో ఎండ విరుచుకుపడింది. సీసా అడుగంటింది, జాజి కూలబడింది. మారెక్క కుళాయి నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి దాని నోట్లో వదిలింది. రెండోసారి వెళ్లేసరికి కుళాయి మూసుకుంది.

జాజిని భుజానికెత్తుకుని దిగింది. "వచ్చేసినాం, ఇంగ కొంచెమే," అని దారంతా దానితో చెబుతూనే ఉంది.

గేటు దగ్గర సుంకన్న జాజి మెడ తడిమి చూశాడు.

"కింద పెట్టక్కా. ఇది ఎప్పుడో పోయిండాది."

"తెలుసప్పా," అంది మారెక్క. "బయట పెడితే ఇసుక కాలుతాంది. లోపల చూస్తే మట్టే లేదు. యాడ పెట్టల్లో నువ్వే చెప్పు."

సుంకన్న గేటు తెరిచాడు.