సగం గూడు

ఒక పాడుబావి మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్లు ఉండేవారట. ఎవరికి కొత్త అల్లిక తోచినా, ముందు సగం గూడు అల్లి అందరికీ అందేలా కింది మట్టకి కట్టాలి. పిల్లలు దాన్ని లాగి, పీకి, ఊగి నేర్చుకునేవారు.

పైడయ్య అనే గిజిగాడికి ఒక కొత్త ముడి తోచింది. దాన్ని ఎవరికీ చూపకుండా పై మట్టలో తన గూటికే వేసుకున్నాడు.

"మాకూ చూపించు మావా," అన్నాడు పిల్లలకి అల్లిక నేర్పే అప్పన్న.

"మీ పిల్లలు పీకి పాడుచేస్తార్రా అల్లుడూ."

గుడ్లు పెట్టబోతున్న పైడయ్య పెళ్లాం చింతాలు ఆ మాట వింది. "కింద బావి ఉంది. పిల్లలు ఊగి చూడని ముడిని నమ్మి నేను గుడ్లు పెట్టను," అంది.

పైడయ్య సణుక్కుంటూ అదే ముడితో కింద సగం గూడు కట్టాడు. నలుగురు పిల్లలు ఎక్కి ఊగేసరికి ముడి జారి, గూడు బావిలో పడింది. పిల్లలు పైకెగిరి నవ్వారు.

"ముడి మంచిదే మావా, ఇంకో చుట్టు చుట్టాలంతే," అన్నాడు అప్పన్న.

పైడయ్య పై గూటికి ఆ చుట్టు చుట్టాకే చింతాలు గూట్లోకి వెళ్లింది. గాలివానకి చెట్టు ఊగిపోయినా గుడ్లు నిలిచాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రెక్కలు రాగానే కింది మట్ట మీద వాలారు. పైడయ్య అప్పటికే అక్కడొక సగం గూడు కట్టి ఉంచాడు.

"గట్టిగా లాగండర్రా," అన్నాడు.