ఎరుపా, తెలుపా?

పెద్దల అమావాస్య పొద్దున రామక్క రెండు సీసాలు తెచ్చి మొగుని ముందర పెట్టింది. ఒకదాని మీద నల్ల ద్రాక్షగుత్తి బొమ్మ, ఇంకోదాని మీద పచ్చ ద్రాక్షగుత్తి బొమ్మ. రాత ఏ దేశపుదో తెలియదు.

హనుమంతప్ప బీడీ ఆర్పేశాడు. "యాడివే ఇవి?"

"ఆసుపత్రి దొరసానివి. వాళ్ల దేశానికి పోతాండాది. అడిగి తెచ్చుకుంటి."

రామక్క రోజూ శింగనమల నుంచి బస్సులో పోయి అనంతపురంలో ఒక మిషన్ ఆసుపత్రి ఊడ్చి వస్తుంది. ఆ దొరసాని రాత్రి అన్నంలోకి వైను తాగుతుందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. అడగడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.

పెద్దల అమావాస్యకు చచ్చిపోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో వడ్డించాలి. నాయనకు జొన్నరొట్టె, అమ్మకు పూర్ణం ఓళిగ. తమ్ముడు ఆదెన్న దగ్గరికి వచ్చేసరికి రామక్కకు చేయి ఆడేది కాదు. వాడు చివరిసారి మింగింది ఆమె ఎన్నడూ కంటితో చూడనిది.

అదీ హనుమంతప్ప చెబితే తెలిసిందే. పెద్ద యుద్ధం నాటి కరువులో బావా బామ్మర్దులిద్దరూ పటాలంలో చేరతామని తెల్లవారుజామున బళ్లారి దారి పట్టారు. తల్లి పోయినప్పటి నుంచి ఆదెన్నను సాకింది రామక్కే. వాడు పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అంతలో వాళ్ల చేలో బావిగట్టు అడ్డమొచ్చింది.

నాలుగో ఏడు హనుమంతప్ప ఒక్కడే తిరిగొచ్చాడు. ఆదెన్న చెవిపోగులు ఆమె చేతిలో పెట్టాడు. ఇటలీలో గుండు తగిలిందని, ద్రాక్షతోటలో తన ఒళ్లోనే పోయాడని, నీళ్లు దొరక్క నోట్లో వైను పోశానని ఏడ్చాడు. పటాలం కాగితాలు ఓడలో పోయాయన్నాడు. పింఛను కోసం ఎన్నడూ ఎవరినీ అడగలేదు. ఆదెన్నకు రావలసిన చేను రామక్కకు వచ్చింది. అంటే హనుమంతప్పకు వచ్చింది.

అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర ఆయనకు అదే కథ. ఎరుపు వైను వగరు, తెలుపు వైను చల్లన. వినీ వినీ ఊరికంతా నోటికొచ్చేసింది.

ఈ వేసవిలో మాత్రం ఒక సంగతి జరిగింది. ఊరంతా బావులు లోతు చేయించుకుంటుంటే రామక్క కూడా కూలీలను పిలిచింది. ఆదెన్న చేలోని ఆ బావి యుద్ధం రోజుల్లోనే గట్టు విరిగి పూడిపోయింది. హనుమంతప్ప కూలీల చేతుల్లోంచి గడ్డపార లాక్కున్నాడు. ఆడ నీళ్లు లేవన్నాడు. ఆ పొద్దు ఆయన మొహం చూసినప్పటి నుంచి రామక్కకు కంటి మీద కునుకు లేదు.

పక్కింటి తిప్పేస్వామి సీసాలు చూసి లోపలికే వచ్చి కూర్చున్నాడు. పెద్దలకు పెట్టకముందే ముట్టుకుంటే ఎంగిలి కదా అని అనుమానపడ్డాడు.

"వాడు తాగింది ఎరుపో తెలుపో ఈయప్పకే తెలుసు. రుచి చూసి చెప్పల్ల గదా," అంది రామక్క.

రెండు గ్లాసుల్లో పోసింది. మనసులోనే కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. తరువాత మొగుని పెదాల మీద నుంచి చూపు తీయలేదు.

హనుమంతప్ప ముందు తెలుపు తీసుకున్నాడు. వాసన చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తిప్పేస్వామి వైపు చూసి, గుక్కెడు నోట్లో పోసుకుని, పుక్కిలించి మింగాడు.

"ఇది కాదు. ఇది ఆడ ఆడోళ్లు తాగేది. ముందర నిమ్మతొక్క, యెనకాల వానకు తడిసిన రాయి. అంతే, చల్లగా జారిపోతాది."

"రాయి రుచి నీకెట్ల తెలుసన్నా? యాడ నాకినావ్?" అన్నాడు తిప్పేస్వామి.

హనుమంతప్ప నవ్వలేదు. ఎరుపు గ్లాసు ఎత్తాడు. చాలాసేపు నాలుక మీదే ఉంచుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్లు జారాయి.

"ఇదే. నేరేడు తొక్క నమిలినట్టు వగరు. ఆ యెనక ఇనుము, రగతం మాదిరి. బామ్మర్ది నోట్లో పోసింది ఇదే. రెండు గుటకలు మింగినాడు. 'అక్కా' అన్న్యాడు. తల వాల్చేసినాడు."

రామక్క స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

తిప్పేస్వామి తనకూ ఒక గుక్క పొయ్యమన్నాడు. నీ సారా గొంతుకు ఇది పట్టదని హనుమంతప్ప సీసా పక్కకు జరుపుకున్నాడు. ఇంకో గ్లాసు తాగాడు. ఇంకోటి తాగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మాట ముద్ద ముద్దగా వచ్చింది. దొరల సరుకు మెల్లగా ఎక్కుతుందని, ఎక్కితే దిగదని గోడకు ఆనుకుని చెప్పాడు.

"ఇదేనా?" అంది రామక్క. "బాగా గుర్తుండాదా నీకు?"

"మర్చిపోతానా? మీ తమ్ముని మీద ఒట్టు. ఇదే."

రామక్క లేచింది. ఆకులో సంగటి పెట్టింది, పప్పు పెట్టింది, ఓళిగ పెట్టింది. పక్కన ఆదెన్న చెవిపోగులు పెట్టింది. సీసాను మాత్రం ముట్టుకోలేదు. ఆకు రెండు చేతులా ఎత్తుకుని, దేవుని మూలకు పోకుండా గడప దాటింది. ఎండలో చేను వైపు, పూడిపోయిన బావి వైపు నడిచింది.

"ఏమే, ఆకు యాడికి ఎత్తుకపోతాండావ్?"

హనుమంతప్ప గొంతులో ఇప్పుడు మత్తు లేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. "తిప్పేస్వామీ, నీ గడ్డపార తీసుకోని రాప్పా," అని మాత్రం అంది.

దొరసాని ఇచ్చినవి రెండూ ఖాళీ సీసాలే. హనుమంతప్ప తాగిన తెలుపు రామక్క కుండలో పులియబెట్టిన కొబ్బరినీళ్లు, ఆదెన్న మీద ఒట్టు వేసిన ఎరుపు ఆమె తన పొయ్యి మీద కాచిన దానిమ్మ గింజల, తొక్కల కషాయం.