వెనక నిలబడ్డ ముసలాయన

బస్సులో వాసన వచ్చింది.

యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్నాయి. మొదట అందరూ ఆ పొగే అనుకున్నారు.

నరసమ్మ అనుకోలేదు. పక్కన కూర్చున్న కొడుకు మాల్యాద్రి తన చెయ్యి పట్టుకున్న తీరుకే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"అయిపోయిందా నాయనా?" అంది చెవిలో.

మాల్యాద్రి కళ్లు మూసుకున్నాడు.

రాచపుండు అని చెన్నపట్నంలో పేగు కోసి కుట్టినప్పటి నుంచి ఇంతే. వస్తుందని తెలిసేలోపే వచ్చేస్తుంది. నాగలి పట్టిన మగవాడు. తల్లిచేత ఆ గుడ్డలు ఉతికించలేక తిండే మానేశాడు. తింటేనే కదా ఈ పీడ అని.

పుండు పోయినా ఆకలితో పోతాడేమోనని తల్లి భయం. వాడు కాస్త కునుకు తీసినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"గిద్దలూరులో జీవానందం అని ఉన్నాడు," అని డాక్టరమ్మ చెప్పింది. "ఆయనకూ ఇదే ఆపరేషను. పదేళ్లయింది. ఏం తినాలో, ఎట్లా బతకాలో చెబుతాడు. శుక్రవారం బస్సుకు వస్తారని కబురు పెడతాను."

పదేళ్లు బతికిన మనిషి! ఒక్కసారి కంటితో చూస్తే కొడుకు ముద్ద ముడతాడని ఆమె ఆశ. ఈలోగా కళ్లు తిరిగి పడిపోతాడేమోనని, మార్కాపురంలో బస్సెక్కే ముందు బతిమాలి లోటాడు మజ్జిగ తాగించింది.

ఆ మజ్జిగే ఇప్పుడు కొంప ముంచింది.

కంభం దాటాక ఒకాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది బొగ్గు కంపు కాదయ్యో! ఏంది కండక్టరూ, ఇది బస్సా, పాయకానానా?"

"ఎవరయ్యా అది? లేవండి, ఒక్కొక్కరే లేవండి!" కండక్టరు ముందు సీటు నుంచి మొదలుపెట్టాడు.

నరసమ్మ కొడుకు పంచె మీద తన కొంగు పరిచింది. కొంగు ఎంతసేపు కాస్తుంది? ఇంకో సీటు దాటితే వీళ్ల వంతే.

"నేనే నాయనా," అని వెనక నుంచి గొంతు.

అందరూ తిరిగి చూశారు. సీటు ఖాళీ ఉన్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని నిలబడి వస్తున్న ముసలాయన. మోకాళ్ల పైకి పంచె, చంకలో మూట. నలుగురి సరసన కూర్చోనివ్వని, ఊరవతలి పల్లె మనిషని చూడగానే తెలుస్తోంది.

"కడుపు చెడింది నాయనా."

"రాత్రి ఎవరింట్లోనో దావతు!" అన్నాడు కండువా ఆయన. బస్సంతా నవ్వింది.

"అమ్మా, ఆయన కాదని..." మాల్యాద్రి లేవబోయాడు. నరసమ్మ తొడమీద గిల్లి కూర్చోబెట్టింది.

కండక్టరుకు అనుమానం తీరలేదు. "నువ్వాడ ఉంటే వాసన ఈడ వస్తాందేందయ్యా? ఏం పెద్దమ్మా, నీకేమన్నా తెలుసా?"

నరసమ్మ కొంగును ఇంకా గట్టిగా అదిమింది.

"ఆయనే," అంది. "ఎక్కినప్పుడు మా పక్కనుంచే పోయినాడు. అప్పుడే కంపు కొట్టె."

ముసలాయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"ఆయమ్మ చెప్పింది నిజమే నాయనా. దిగుతాలే."

మండుటెండలో, చెట్టు నీడ కూడా లేని చోట దించేశారు.

బస్సు కదిలింది. వాసన మాత్రం దిగలేదు.

"పాడు ముసలోడు, పోతా పోతా అంటించిపోయినాడు," అని అందరూ సర్దుకున్నారు.

గిద్దలూరులో వాగు పక్కన కొడుకును కడిగి, పంచె మార్చేదాకా నరసమ్మ తలెత్తలేదు. మాల్యాద్రి ఆమె చెయ్యి విదిలించుకుని ముందు నడిచాడు.

జీవానందం అంటే కోటు తొడుక్కున్న ఏ పెద్దమనిషో అనుకుంది. దారిన పోయేవాళ్లు చూపించింది ఊరవతలి పల్లెలో ఒక గడ్డి ఇల్లు. ఆయన భార్య హన్నా గడపలోనే ఎదురైంది.

"రా అమ్మా, రా నాయనా. ఆయన ఏడీ?"

"ఎవరు?"

"మా ఆయన. కొత్తోళ్లు దారిలో అగచాట్లు పడతారు, తోడుండాలని పొద్దున్నే రైలుకు మార్కాపురం పోయినాడే! నలుగురిలో పలకరించడులే, మీ జబ్బు సంగతి బయటపడుతుందని. వెనకమాలే కనిపెట్టుకోని వస్తాడు."

నరసమ్మ పంచలో కూలబడింది.

హన్నా అన్నం తినమంటే మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు. దారి వైపే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు దుమ్ము కాళ్లతో ఒక మనిషి వాకిట్లోకి వచ్చాడు. నరసమ్మ లేచి నిలబడింది. ఆ మనిషి చంకలో అదే మూట.

"ఏంది, ఇంత పొద్దుపోయె?" హన్నా కేకేసింది. "వాళ్లు బస్సులోనే వచ్చినారే!"

జీవానందం తలెత్తకుండా కాళ్లు కడుక్కుంటూ అన్నాడు:

"ఆ బస్సు నాకు దొరకలేదులే. ముందు ఆ బిడ్డకు అన్నం పెట్టు, నేనూ పక్కన కూచుంటా."